తవ్వకముందే భారం మోస్తున్న రాయి

సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు మొదటి సంవత్సరం నుంచే ఒక వరుసకు అలవాటు పడతారు. ముందు దూలం ఉంటుంది, ఆ తర్వాత దాని మీద భారం పడుతుంది. ఆ భారానికి దూలం ఎంత వంగుతుందో, ఎక్కడ పగులుతుందో లెక్కగట్టి, తట్టుకునే కొలతలు నిర్ణయిస్తాం. స్తంభమైనా, స్లాబు అయినా, వంతెన అయినా ఇదే పద్ధతి. భూమి లోపలికి వెళ్లేసరికి ఈ వరుస తలకిందులవుతుంది. సొరంగం కోసం గుర్తు పెట్టిన చోట రాయి, మనం వెళ్లకముందే, కోట్ల ఏళ్లుగా తన పైనున్న రాతి బరువునూ పక్కల నుంచి నెట్టే బలాలనూ మోస్తూ, వాటికి సర్దుకుని నిలకడగా ఉంటుంది. మనం అక్కడ కొత్త భారం ఏదీ మోపం, మోస్తున్నదాన్ని తీసేస్తాం. తీసేసిన రాయి అంతవరకు మోసిన భారం చుట్టూ మిగిలిన రాతి మీదికి మళ్లుతుంది. అది మోయగలిగితే సొరంగం నిలుస్తుంది, మోయలేకపోతే ఆ లోటును మనం పెట్టే షాట్‌క్రీటు (గోడ మీద చిమ్మే కాంక్రీటు), రాక్ బోల్టులు (రాతిలోకి దించే ఉక్కు కడ్డీలు), స్టీలు రిబ్బులు (వంపు చట్రాలు) పూడ్చాలి.

ఈ సంగతి మనసుకు పట్టకుండానే చాలామంది ఇంజనీరింగ్ జియాలజీ పేపరు దాటేస్తున్నారన్నది నా బాధ. ఖనిజాల కాఠిన్యం, రాళ్ల పేర్లు, మడతల్లో రకాలు, భ్రంశాల్లో (రాయి విరిగి పక్కకు జరిగిన చోట్లలో) రకాలు బట్టీపట్టి రాసినా మార్కులు వస్తాయి కనుక, వాటన్నిటినీ కలిపే ప్రశ్న ఒకటుందని ఎవరికీ తట్టదు. ఈ రాయి ఇప్పుడు ఏ దిశలో ఎంత బిగుసుకుని ఉంది అన్నదే ఆ ప్రశ్న. మడతలూ భ్రంశాలూ పగుళ్ల వరుసలూ ఒకప్పుడు ఆ రాతి మీద పనిచేసిన స్ట్రెస్, అంటే ఇంత వైశాల్యానికి ఇంత అని పడే బలం, వదిలిపోయిన ఆనవాళ్లే. వాటిని చదవగలిగిన ఇంజనీరు పరికరం దించకముందే సగం జవాబు ఊహించగలడు, పరికరం ఇచ్చిన అంకె నమ్మదగినదో కాదో కూడా చెప్పగలడు.

నిలువు దిశతో మొదలుపెడితే పని సులువు. రాతి యూనిట్ బరువు ఘనమీటరుకు 27 కిలోన్యూటన్లు అనుకుంటే, ప్రతి 100 మీటర్ల లోతుకు నిలువు స్ట్రెస్ 2.7 మెగాపాస్కల్‌ల చొప్పున పెరుగుతుంది; 1000 మీటర్ల దగ్గర అది 27 మెగాపాస్కల్‌లు అవుతుంది. అనేక దేశాల్లో కొలిచిన విలువలు సగటున ఈ గీత చుట్టూనే ఉన్నాయి. లోతు తక్కువైన చోట్ల, కొండ వాలుల కింద ఆ విలువలు బాగా చెదురుతాయి, కానీ తొలి అంచనాకు ఈ గుణకారం చాలు. చిక్కంతా అడ్డ దిశలోనే ఉంది.

అడ్డ స్ట్రెస్‌ను నిలువు స్ట్రెస్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తిని కె అంటారు. ఆల్ప్స్ పర్వతాలను అధ్యయనం చేసిన స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్, చాలా లోతున రాయి దీర్ఘకాలంలో నెమ్మదిగా సర్దుకుంటుంది కనుక అన్ని దిశల్లోనూ స్ట్రెస్ సమానమవుతుందని 1878లో ప్రతిపాదించాడు. అంటే కె విలువ 1. తర్వాత 1952లో ఇంజనీర్లు టెర్జాగీ, రిచర్ట్ మరో దారిలో వెళ్లారు. పైనుంచి బరువు పడినప్పుడు రాయి పక్కలకు ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ రాయే ఉండటంతో ఉబ్బలేదు. ఆ అడ్డగింపు నుంచే అడ్డ స్ట్రెస్ పుడుతుందనుకుంటే, పాయిజాన్ నిష్పత్తిని (ఒక దిశలో నొక్కితే రాయి పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకెను) ఒకటిలోంచి అదే నిష్పత్తిని తీసేయగా మిగిలినదానితో భాగిస్తే కె వస్తుంది. పాయిజాన్ నిష్పత్తి 0.25 అయితే కె మూడో వంతు. ఇది పాఠ్యపుస్తకాల్లో చక్కగా ఇమిడే లెక్క కనుక విద్యార్థుల మనసులో స్థిరపడిపోతుంది. అయితే అదే 1950ల్లో స్వీడన్ గనుల్లో నిల్స్ హాస్ట్ కొలతలు తీసినప్పుడు అడ్డ స్ట్రెస్ నిలువు స్ట్రెస్ కంటే తక్కువ కాదు, చాలా ఎక్కువగా ఉందని తేలింది. 1978లో రాక్ ఇంజనీరింగ్ నిపుణులు హోక్, బ్రౌన్ ప్రపంచవ్యాప్తంగా దొరికిన కొలతలను ఒక్కచోట చేర్చి గీసిన హద్దుల ప్రకారం, 500 మీటర్ల లోతున కె విలువ 0.5 నుంచి 3.5 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 2000 మీటర్లకు వెళితే ఆ వెడల్పు 0.35 నుంచి 1.25కు కుదించుకుపోతుంది. లోతు తగ్గేకొద్దీ మన అజ్ఞానం పెరుగుతుందన్నమాట. సివిల్ ఇంజనీర్లు తవ్వే సొరంగాల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ తక్కువ లోతులోనే ఉంటాయి.

పాయిజాన్ నిష్పత్తి లెక్క గణితంగా తప్పు కాదు. రాయి చరిత్రను మరిచిపోవడమే అందులోని లోపం. రాయి ఎప్పుడూ ఒకే లోతున ఉండదు. ఒకప్పుడు 1000 మీటర్ల లోతున ఉండి, అన్ని వైపులా 27 మెగాపాస్కల్‌ల స్ట్రెస్‌తో సర్దుకుపోయిన గ్రానైటును ఊహించండి. ఆ తర్వాత లక్షల ఏళ్లలో నదులూ వానలూ పైనున్న 800 మీటర్ల రాతిని కోసుకుపోయాయి. ఇప్పుడు అది 200 మీటర్ల లోతున ఉంది. నిలువు స్ట్రెస్ పై బరువుతో పాటే తగ్గి 5.4 మెగాపాస్కల్‌లకు వచ్చింది, తగ్గినది 21.6. అడ్డ స్ట్రెస్ మాత్రం ఆ తగ్గుదలలో మూడో వంతే, అంటే 7.2 మాత్రమే కోల్పోయి 19.8 దగ్గర నిలిచింది. బరువు తీసేస్తే రాయి పైకి స్వేచ్ఛగా లేస్తుంది, పక్కలకు మాత్రం ఎటూ సాగలేదు కదా. ఫలితంగా కె విలువ 3.67. పాఠ్యపుస్తకం మూడో వంతు అన్నచోట రాయి దానికి పదకొండు రెట్లు చూపిస్తోంది. వాడినది ఆ పాత సూత్రమే. కాకపోతే రాయిని పాతిపెట్టిన బరువుకు కాక, రాతి మీది నుంచి తీసేసిన బరువుకు వాడాం. దీనికి భూ పలకల కదలిక వల్ల వచ్చే నెట్టుడు తోడైతే ఈ నిష్పత్తి ఇంకా పెరుగుతుంది. అప్పుడు రెండు అడ్డ దిశలూ సమానంగా ఉండవు, ఒకటి రెండో దాని కంటే చాలా పెద్దదిగా ఉంటుంది.

రాయి ఒత్తిడికి ఎంత తక్కువగా సాగుతుందో చెప్పే స్థితిస్థాపక గుణకం కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. భారత శాస్త్రవేత్త షోరే 1994లో ఇచ్చిన సూత్రం ఆ గుణకాన్ని నేరుగా లెక్కలోకి తెస్తుంది. 200 మీటర్ల లోతున గుణకం 50 గిగాపాస్కల్‌లైతే కె 2.35 వస్తుంది, 10 గిగాపాస్కల్‌లైతే 0.67 దగ్గరే ఆగుతుంది. స్థానిక భ్రంశాలూ లోయలూ ఈ సూత్రంలోకి రావు కనుక దీన్ని డిజైన్ విలువగా తీసుకోకూడదు. ఒక విషయం మాత్రం దీనితో స్పష్టమవుతుంది: మెత్తని షేల్ పొరల మధ్య గట్టి ఇసుకరాతి పొర ఉంటే, అడ్డ స్ట్రెస్‌ను ఎక్కువగా ఆ గట్టి పొరే మోస్తుంది. ఒకే సొరంగంలో పొర మారిన చోటల్లా రాయి ప్రవర్తన మారడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఆ గ్రానైటులో గుండ్రని సొరంగం తవ్వుదాం. రంధ్రం చుట్టూ స్ట్రెస్ ఎలా పంచుకుంటుందో 1898లోనే కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చాడు. విద్యార్థి గుర్తుంచుకోవలసింది రెండే ఫలితాలు. కప్పు దగ్గర అంచు వెంట స్ట్రెస్, అడ్డ స్ట్రెస్‌కు మూడింతల్లోంచి నిలువు స్ట్రెస్ తీసేసినంత. పక్కగోడ దగ్గర నిలువు స్ట్రెస్‌కు మూడింతల్లోంచి అడ్డ స్ట్రెస్ తీసేసినంత. కె మూడో వంతు అని నమ్మి డిజైన్ చేసినవారు అడ్డ స్ట్రెస్ 1.8 అనుకుంటారు, వారి లెక్కలో కప్పు దగ్గర సున్నా, పక్కగోడల్లో 14.4 మెగాపాస్కల్‌లు. కనుక పక్కగోడలు కాస్త నలగవచ్చు, కప్పు నుంచి వదులైన రాళ్లు బరువుతో జారవచ్చు అని ఊహించి దానికి తగ్గ బోల్టులు వేస్తారు. నిజంగా అక్కడ ఉన్న 19.8తో లెక్క చేస్తే కప్పు దగ్గర 54 మెగాపాస్కల్‌ల సంపీడనం (నొక్కే స్ట్రెస్), పక్కగోడల్లో 3.6 మెగాపాస్కల్‌ల తన్యత (లాగే స్ట్రెస్) వస్తుంది. పగుళ్లున్న రాయి తన్యతను మోయలేదు; పక్కగోడల్లో పగుళ్లు తెరుచుకుంటాయి, నీరు అక్కడి నుంచే వస్తుంది. కప్పులోనేమో రాయి జారదు, నలిగి పొరలు పొరలుగా ఊడుతుంది. చేసిన పొరపాటు అంకెలోనే ఉంటే భద్రతా గుణకం కాపాడేది. ఇక్కడ ప్రమాదం ఉన్న చోటే మారిపోయింది కనుక ఆ గుణకం అక్కరకు రాదు.

దీనికి మందు కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. 19.8 ఒక అడ్డ దిశలోనే ఉండి, దానికి లంబంగా ఉన్న రెండో దిశలో 8 మెగాపాస్కల్‌లే ఉన్నాయనుకోండి. సొరంగాన్ని పెద్ద స్ట్రెస్ దిశకు సమాంతరంగా తిప్పగలిగితే, దాని అడ్డకోతకు తగిలేది 8 మాత్రమే. కప్పు దగ్గర 54 కాస్తా 18.6కు దిగుతుంది, పక్కగోడల్లో తన్యత పోయి 8.2 సంపీడనం వస్తుంది. రైలు సొరంగానికో, కాలువ సొరంగానికో దారి ముందే ఖరారై ఉంటుంది కనుక ఈ వెసులుబాటు తక్కువ. భూగర్భ విద్యుత్ కేంద్రపు మెషిన్ హాలు విషయంలో మాత్రం పొడవు దిశను ఎంచుకునే స్వేచ్ఛ తరచుగా ఉంటుంది. పెద్ద స్ట్రెస్ దిశకు తక్కువ కోణంలో ఉంచాలని స్ట్రెస్ కోరుతుంది, ప్రధాన పగుళ్ల వరుసకు సమాంతరంగా ఉంచవద్దని పగుళ్లు కోరతాయి. ఈ రెండు కోరికలూ ఒక్కోసారి కుదరవు. అప్పుడు ఏది ముఖ్యమో తేల్చేది లోతు, రాతి బలం. తక్కువ స్ట్రెస్‌లో పగుళ్ల మాట వినాలి, రాతి బలంతో పోల్చదగినంత స్ట్రెస్ ఉన్నచోట స్ట్రెస్ మాట వినాలి అన్నది నా అభిప్రాయం.

లోతు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికి కెనడాలోని మానిటోబా భూగర్భ పరిశోధనశాల కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. కోలార్ బంగారు గనులు మూడు కిలోమీటర్లు దాటి లోపలికి వెళ్లాయి. అక్కడ రాక్ బరస్టులు (రాయి ఒక్కసారిగా పేలినట్టు విరిగిపడడం) దశాబ్దాల పాటు వేధించాయంటే అంత లోతు కనుక అనుకుంటాం. మానిటోబాలో 1990ల మొదట్లో 3.5 మీటర్ల వ్యాసంతో ఒక ప్రయోగ సొరంగం తవ్వినది కేవలం 420 మీటర్ల లోతున. అది దాదాపు పగుళ్లే లేని గ్రానైటు. పేలుడు వల్ల రాయి దెబ్బతిన్నదన్న అనుమానానికి తావు లేకుండా, అసలు పేలుడు పదార్థమే వాడకుండా, అంచు వెంట వరసగా రంధ్రాలు వేసి, మధ్య రాతిని యంత్రంతో చీల్చి తీశారు. అక్కడ అతి చిన్న స్ట్రెస్ 11 మెగాపాస్కల్‌లు. అది ఇంచుమించు నిలువు దిశలో ఉంది, ఆ లోతుకు రావలసిన బరువుకు సరిపోతుంది. అతి పెద్దది ఇంచుమించు అడ్డంగా ఉంది, దాని విలువ 60 మెగాపాస్కల్‌లు. కిర్ష్ సూత్రం ప్రకారం కప్పు దగ్గరా అడుగు దగ్గరా 169 మెగాపాస్కల్‌లు రావాలి. ప్రయోగశాలలో ఆ గ్రానైటు నలుగుడు బలం 200 మెగాపాస్కల్‌లకు పైనే ఉంది కనుక కాగితం మీద సొరంగం సురక్షితం. జరిగింది వేరు. తవ్వకం ముందుకు సాగేకొద్దీ కప్పులోనూ అడుగులోనూ రాయి పలుచని రేకులుగా లేచి ఊడుతూ, రెండు చోట్లా వి ఆకారపు గంటు ఏర్పడింది. ఆ గంటు సొరంగం పొడవునా సాగి, కొంత లోతుకు వెళ్లాక తనంతట తాను నిలకడ పడింది. ప్రయోగశాలలో చిన్న నమూనా చూపిన బలంలో దాదాపు సగం దగ్గరే సొరంగపు గోడ ఊడడం మొదలైంది. గోడ దగ్గర రాతిని లోపలి వైపు నుంచి పట్టి ఉంచే ఒత్తిడి ఏదీ ఉండదు. అక్కడ సూక్ష్మమైన పగుళ్లు గోడకు సమాంతరంగా స్వేచ్ఛగా సాగిపోతాయి. గట్టి రాతిలో పని చేసేవారు ప్రయోగశాల బలాన్ని సగం చేసి చూడడం అప్పటి నుంచి అలవాటైంది.

ఇంతకీ ఈ అంకెలను రాతిలోంచి ఎలా రాబడతారు? ఓవర్‌కోరింగ్ పద్ధతిని దగ్గరగా చూడటం విద్యార్థికి చాలా మేలు చేస్తుంది. ముందు పెద్ద వ్యాసంతో ఒక బోర్‌హోల్‌ను కావలసిన లోతు వరకు తీసుకెళతారు. దాని అడుగును చదును చేసి, సరిగ్గా నడిమధ్యలో 38 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేస్తారు. అందులోకి స్ట్రెయిన్‌ను, అంటే రాయి సాగిన పాలును, కొలిచే గేజులు అమర్చిన సెల్‌ను (చిన్న గొట్టాన్ని) దించి, జిగురుతో గోడకు అతికించి, ఆరనిచ్చి, రీడింగులు నమోదు చేస్తారు. ఆ తర్వాత పెద్ద కోరింగ్ బిట్‌తో ఆ చిన్న రంధ్రం చుట్టూ డ్రిల్ చేస్తారు. బిట్ గేజులను దాటే సమయంలో రీడింగులు ఒక్కసారిగా మారి, దాటి కొంత ముందుకు వెళ్లాక స్థిరపడతాయి. చుట్టూ ఉన్న రాతి నుంచి తెగిపోయిన ఆ రాతి గొట్టం కోట్ల ఏళ్ల తర్వాత మొదటిసారి బిగువు సడలి, పక్కలకు సాగింది. ఆ సాగుడు ఎంత చిన్నదంటే, అన్ని వైపులా 20 మెగాపాస్కల్‌ల స్ట్రెస్, 50 గిగాపాస్కల్‌ల గుణకం ఉన్న రాతిలో 38 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 0.03 మిల్లీమీటర్లే పెద్దదవుతుంది. డ్రిల్లింగ్ నీటి వేడి కాస్త మారినా, తడి గోడ మీద జిగురు సరిగ్గా పట్టకపోయినా ఆ చిన్న తేడా పాడైపోతుంది. బయటికి తీసిన గొట్టాన్ని ఒత్తిడి గదిలో పెట్టి దాని గుణకం కొలిచిన తర్వాతే స్ట్రెయిన్ స్ట్రెస్‌గా మారుతుంది. ఒకే చోట తీసిన మూడు నాలుగు కొలతలు పరస్పరం సరిపోకపోతే సగటు తీసి ముగించడం సరికాదు. ఏ కోర్‌లో (బోర్‌లోంచి తీసిన రాతి కడ్డీలో) పగులు ఉందో, ఎక్కడ పెద్ద స్ఫటికం గేజు కింద పడిందో పెట్టె తెరిచి చూడాలి.

హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ దీనికంటే మొరటు పద్ధతి, కానీ లోతైన బోర్‌లలో అదే పనికొస్తుంది. బోర్‌లో కొంత భాగాన్ని పైనా కిందా ప్యాకర్లతో (ఉబ్బి బోర్‌ను మూసే బిరడాలతో) బిగించి, రాయి చీలేదాకా నీటిని పంపుతారు. చీలిక ఎప్పుడూ తనకు అతి తక్కువ ప్రతిఘటన ఉన్నవైపే తెరుచుకుంటుంది. పంపు ఆపగానే నీటి ఒత్తిడి ఏ విలువ దగ్గర నిలుస్తుందో, అదే ఆ చీలికను మూయడానికి చూస్తున్న అతి చిన్న స్ట్రెస్.

పరికరాలేవీ లేకుండా రాయే ఇచ్చే సూచనలు కూడా ఉన్నాయి. వాటిని నేను కొలతల కంటే తక్కువగా చూడను. అధిక స్ట్రెస్‌లోంచి తీసిన కోర్ ఒక్కోసారి నిలువు కడ్డీలా రాదు; నాణేలు దొంతరగా పేర్చినట్టు పలుచని బిళ్లలుగా విడిపోయి పెట్టెలో పడుతుంది. బిళ్లలు ఎంత పలుచనైతే స్ట్రెస్ అంత ఎక్కువ. తెలియనివారు ఆ పెట్టెను చూసి, రాయి బాగా పగిలిపోయి ఉందని, ఆర్‌క్యూడీ (కోర్‌లో పొడవైన ముక్కల శాతం) సున్నా అని రాసేస్తారు. నిజానికి ఆ రాయి పగుళ్లు లేనిది, గట్టిది. కనుకనే అంత స్ట్రెస్‌ను దాచుకోగలిగింది. అలాగే నిలువు బోర్ గోడలు ఎదురెదురుగా రెండు వైపుల ఊడి ఉంటే, ఆ రెండు వైపులనూ కలిపే గీత అతి చిన్న అడ్డ స్ట్రెస్ దిశను చూపిస్తుంది. ఇలాంటి బోర్ గోడల ఆనవాళ్లనూ, భూకంపాల నుంచి రాబట్టిన దిశలనూ, నేరుగా తీసిన కొలతలనూ కలిపి 1986లో మొదలైన వరల్డ్ స్ట్రెస్ మ్యాప్‌లో ఒక ప్రాంతపు స్థూలమైన దిశ దొరుకుతుంది. కానీ మన సొరంగం పక్కనే పెద్ద భ్రంశం ఉంటే ఆ మ్యాపు దిశను గుడ్డిగా తీసుకోకూడదు. భ్రంశంలోని నలిగిన మెత్తని రాయి స్ట్రెస్‌ను మోయలేక పక్కకు తోసేస్తుంది. దాని దగ్గర దిశ తిరుగుతుంది, విలువ కొద్ది మీటర్లలోనే మారిపోతుంది. భ్రంశానికి ఒకవైపు తీసిన కొలతను రెండోవైపు డిజైన్‌కు వాడిన నివేదిక కనిపిస్తే, మొదట ప్రశ్నించవలసింది ఆ సంగతినే.

మెత్తని రాతి కథ వేరు. షేల్, ఫిల్లైట్ లాంటి వాటిలో రేకులు ఊడవు, శబ్దాలు రావు. స్ట్రెస్ రాతి బలాన్ని మించితే చుట్టూ ఉన్న రాయి నెలల తరబడి నెమ్మదిగా లోపలికి మూసుకొస్తుంది. సొరంగపు వ్యాసంలో ఆ కదలిక ఒక శాతం దాటిందంటే మామూలు సపోర్టు చాలదన్న హెచ్చరికగా తీసుకోవాలి. అక్కడ గట్టి లైనింగ్‌తో (సొరంగం లోపలి తొడుగుతో) మొదటి రోజే ఆపాలని చూస్తే లైనింగే విరుగుతుంది. కొంత కదలనిచ్చి, కొలుస్తూ, తగిన సమయంలో పట్టి ఆపాలి.

జలవిద్యుత్ సొరంగాల్లో స్ట్రెస్‌ను శత్రువుగా కాక ఆసరాగా చూడవలసిన సందర్భం వస్తుంది. లోపల 300 మీటర్ల ఎత్తున్న నీరు నిలిస్తే దాని ఒత్తిడి దాదాపు 3 మెగాపాస్కల్‌లు. లైనింగ్ లేని సొరంగంలో ఆ నీరు పగుళ్లలోకి దూరి, వాటిని తెరవాలని చూస్తుంది. పగులును మూసి ఉంచే అతి చిన్న స్ట్రెస్ ఆ 3 కంటే ఎక్కువగా ఉన్నంతవరకే రాయి నీటిని పట్టి ఉంచగలదు. రాయి నీటికంటే 2.7 రెట్లు బరువు కనుక, చదునైన నేల కింద 111 మీటర్ల రాయి ఉంటే బరువులు సమానమవుతాయి. కొండ వాలు 45 డిగ్రీలైతే, నార్వే ఇంజనీర్ల నియమం ప్రకారం వాలుకు అతి దగ్గరి దూరం కనీసం 157 మీటర్లు ఉండాలి. దాని మీద భద్రతా గుణకం వేరే. అయితే లోయ పక్కన అతి చిన్న స్ట్రెస్ వాలుకు లంబంగా ఉంటుంది, వాలు వైపు రాయి సడలి ఉండటం వల్ల అది బరువు లెక్క చెప్పినదానికంటే తక్కువగా ఉండవచ్చు. వాలుకు సమాంతరంగా సాగే పగుళ్ల పొరలు ఆ సడలింపుకు కంటికి కనిపించే గుర్తు. అలాంటి పొరలు కనిపించిన కొండలో మందం లెక్కతో సరిపెట్టుకోకుండా, స్టీలు లైనింగ్ ముగుస్తుందని గీసిన చోటికే ఒక పరీక్షా సొరంగమో బోరో తీసుకెళ్లి, అక్కడి పగుళ్లలోకి నీటిని పంపి, అవి ఏ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటున్నాయో చూడాలి. తెరుచుకునే ఒత్తిడి 3 మెగాపాస్కల్‌లకు చాలినంత పైన లేకపోతే స్టీలు లైనింగ్‌ను కొండ లోపలికి, ఆ ఒత్తిడి దొరికే చోటిదాకా పొడిగించాలి. ఈ పరీక్ష లైనింగ్ పొడవు కాంట్రాక్టులో ఖరారు కాకముందే జరగాలి.